మల్లమ్మ రాయించిన మనవి

2023 ఆగస్టు 13, ఆదివారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. ఇబ్రహీంపట్నంలోని మా ఇంట్లో పన్నెండు మందితో ప్రార్థన మొదలైన కాసేపటికే పోలీసులు వచ్చి, అందరినీ స్టేషన్‌కు రమ్మన్నారు. మేము జనాన్ని క్రైస్తవంలోకి మారుస్తున్నామని పక్కింటి యాదగిరి ఫిర్యాదు చేశాడట. అతని తల్లి మల్లమ్మ ప్రతివారం మా ఇంటికి ప్రార్థనకు వస్తుంది; ఆ రోజూ వచ్చింది.

స్టేషన్‌లో ఎస్సై నా పుస్తకం తెరిచారు. ప్రతి ఆదివారం వచ్చినవారి పేర్లు, వారి ప్రార్థన మనవులు అందులో తేదీలతో రాసుకుంటాను.

"ఇది మతం మారినోళ్ల లిస్టే గదా?" అన్నారాయన.

ఇక మా ఇంట్లో ప్రార్థన ఉండదనుకున్నాను.

మాతోనే వచ్చిన, వకీలైన మా చెల్లెలు సునీత శాంతంగా అన్నది: "ఇంట్ల ప్రార్థన చేసుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది సార్. మల్లమ్మ పేరు పక్కన ఏమున్నదో జర చదువుండ్రి."

ఎస్సై పైకే చదివారు: "కొడుకు యాదగిరికి కోపం తగ్గాలె."

"అవ్, నేనే రాయించిన," అన్నది మల్లమ్మ, అక్కడే నిలబడ్డ కొడుకు వైపు తిరిగి. "నన్నెవ్వలు మార్చలేదురా. వీళ్లింట్ల కూసుంటే మనసు నిమ్మలమైతది. నేనేడికి పోవాల్నో నువ్వు చెప్తవా?"

ఎస్సై నవ్వు ఆపుకోలేకపోయారు. యాదగిరి తల దించుకొని ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు. ఇప్పుడు తల్లిని మా గేటు దాకా తనే దింపుతాడు. లోపలికి మాత్రం రాడు.

ఆ రోజు పోయినది ఒక ఆదివారం ప్రార్థన. మిగిలినవి మా హక్కు, మల్లమ్మ ఇష్టం, పక్కింటితో మాట.