గోడ మీది సత్తు ముద్ద

నేను కొత్త కోడలిగా వరంగల్ బజారులోని అత్తగారింటికి వచ్చేనాటికి మా పెరడుకూ పక్కింటి పెరడుకూ మధ్య ఒకటే గోడ. అందులో ఒకచోట ఇటుకలు తీసేసి సందు ఉంచారు. ఆ సందులోంచి అటు చారు గిన్నె పోయేది, ఇటు మజ్జిగ చెంబు వచ్చేది. పొద్దున పొయ్యి రాజేయడానికి నిప్పు కూడా అక్కడినుంచే. అగ్గిపుల్ల గీయాలంటే మా అత్తగారికి ప్రాణం పోయినట్టుండేది.

పక్కింటి పెద్దమ్మకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది నా ఈడుది. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. బతుకమ్మ పండగకు గునుగు పూలకు రంగులద్దేది, తంగేడు పూలు తాంబాళంలో వరసలు పేర్చేది ఆ పిల్లే. ఆమె పేర్చినంత నిలువుగా మా వాడలో ఎవరూ పేర్చలేరు. పేర్చడం అయ్యాక లోపలికి వెళ్లి కూర్చునేది. భర్త పోయినవాళ్లు ఆడకూడదన్నారు. బయట మా చప్పట్లు వింటూ లోపల తను కూడా మెల్లగా పాడుకునేది.

ఆ పిల్ల కాజీపేటలో రైల్వే పని చేసే వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంది. వెంటనే కులపెద్దలు కూర్చుని ఆ ఇంటిని వెలి వేశారు. మా మామగారూ అందులో ఒకరు. చాకలి రాలేదు, మంగలి రాలేదు, వాళ్ల దుకాణం మెట్టెక్కినవాళ్లు లేరు. మా అత్తగారు గోడలో సందు మూయించారు.

తప్పును తప్పనకూడదని నేననను. కానీ ఆ పెద్దల్లో ఒకాయనకు సుబేదారి వాడలో ఇంకో సంసారం ఉందని బజారంతా తెలుసు. ఆయన ఇంటికి ఎవరూ నిప్పు ఆపలేదు. పైగా ఆనాడు అందరికంటే పెద్ద గొంతు ఆయనదేనట. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

రెండో పిల్లకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. వేరే సంబంధమూ రాలేదు. అప్పుడు పెద్దలు ఒక తోవ చూపించారు. "పెద్దది సచ్చిపోయిందనుకోండ్రి. పిండం పెట్టుండ్రి. మళ్ల కులంల కలుపుకుంటం" అన్నారు.

పెద్దమ్మ అన్నం మానేసి పడుకుంది. భర్త బతిమాలాడు, కసురుకున్నాడు. చివరికి రెండో పిల్ల వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపుకు పెద్దమ్మ లేచింది. పెరట్లో కర్మ జరిగింది. బతికున్న బిడ్డ పేరు చెప్పి తండ్రి పిండం తెచ్చి గోడ మీద పెట్టాడు. వెంటనే కాకి వాలి ముట్టింది. "ఆత్మ తృప్తి పడ్డది" అని పెద్దలు సంతోషించారు. ఆ వేళకు ఆ ఆత్మ కాజీపేటలో మొగుడికి అన్నం వడ్డిస్తూ ఉండి ఉంటుంది.

గోడలో సందు మళ్లీ తెరుచుకుంది. పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మకు మా అత్తగారే కుంకుమ భరిణె పట్టుకుని వెళ్లి, పెద్దమ్మకు బొట్టు పెట్టి పిలిచివచ్చారు.

ఆ సాయంత్రం చెరువు గట్టు మీద ఆడుతుంటే టాంగా ఒకటి వచ్చి ఆగింది. ఆ పిల్ల దిగింది. ఇంటివాళ్లను కులంలో కలుపుకున్నారని ఎవరో చెప్పారట. ఎలా కలుపుకున్నారో చెప్పలేదు. అందరి కోపం పోయిందనుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులు వేసుకుని, తన బతుకమ్మ తను పేర్చుకుని వచ్చింది. అంత వెలుగు ఆ ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు.

పాట ఆగిపోయింది. ఆ పిల్లకు అర్థం కాలేదు. బతుకమ్మను కింద దించి, నువ్వులు దంచి చేసిన సత్తు ముద్ద తీసుకుని తల్లి ముందు చేయి చాపింది.

"ఇస్తినమ్మ వాయనం" అంది.

పుచ్చుకుంటినమ్మ వాయనం అని తల్లి అందుకోవాలి. పెద్దమ్మ చేతులు కొంగు కిందికి పోయాయి.

"నీకు పిండం పెట్టినం బిడ్డా. నువ్వు లేవు."

"ఎవరు పెట్టిండ్రు?"

"మీ నాయిన."

"నువ్వు ఒప్పుకున్నవా అమ్మా?"

"చెల్లె పెండ్లి కావాలె గదా."

ఆ పిల్ల సత్తు ముద్దను గట్టు మీద ఒక ఆకులో పెట్టింది. ఎంతో ఆశపడి పేర్చుకున్న బతుకమ్మను ఆడకుండానే నీళ్లలో వదిలి టాంగా ఎక్కింది. మా అత్తగారు పాట ఎత్తుకున్నారు. మేమంతా మళ్లీ చప్పట్లు కొట్టాం. ఇళ్లకు పోయేటప్పుడు పెద్దమ్మ వంగి ఆ ముద్దను కొంగున ముడి వేసుకోవడం చూశాను.

మరునాడు పొద్దున నిప్పు కోసం గోడ దగ్గరికి వెళ్లాను. గోడ మీద, నాడు పిండం పెట్టిన చోటే, ఆకులో ఆ సత్తు ముద్ద ఉంది. తినడానికి పెద్దమ్మకు చేయి రాలేదు, పారేయడానికి మనసు రాలేదు. కాకులు వాలుతున్నాయి. ఆమె చీపురు పట్టుకుని వాటిని తోలుతూ ఉంది. జుట్టు ముడి వీడి ముఖం మీద పడుతున్నా చూసుకోవడం లేదు.

"పోండ్రి, ముట్టకుండ్రి" అంటోంది. "అది పిండం కాదు. నా బిడ్డ బతికే ఉన్నది."