నల్లబూజు, బెల్లం పెనం

నా కుడికాలి మడమ పక్కన వచ్చింది పెద్దరోగం కాదు, ఎవరి శాపమూ కాదు. అది బూజు. నల్లబూజు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే మా బావమరిది ఊరంతా తిరిగి వేరే మాట చెప్పాడు. నేను చదివింది అయిదో తరగతి. రాతలో తప్పులుంటే మన్నించండి. జరిగినదాంట్లో మాత్రం తప్పు లేదు.

నేను బెల్లం వండేవాడిని. అనకాపల్లి మార్కెట్టుకి వెళ్ళే బెల్లం దిమ్మలు మా బుచ్చయ్యపేట వైపు పొలాల్లో, గానుగ దగ్గరే తయారవుతాయి. చెరకు రసం పెద్ద పెనంలో పోసి, కింద ఎండిన చెరకు పిప్పి మంట పెట్టి మరిగిస్తాం. మడ్డి తీస్తూ, తెడ్డుతో కలుపుతూ, పాకం వచ్చిందా లేదా చెప్పేవాడు ఒక్కడే ఉంటాడు. వాడు "దించండి" అంటే నలుగురూ కలిసి పెనం దించుతారు. అప్పటిదాకా రైతైనా నోరెత్తడు. ఒకే రైతు గానుగ దగ్గర చాలా ఏళ్ళు ఆ మాట అన్నది నేను. మా ఆవిడ తమ్ముడిని పొయ్యిలోకి పిప్పి ఎగదోసే పనిలో పెట్టింది నేనే. పాకం చుక్క చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూడటం వాడికి నేర్పింది కూడా నేనే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పొయ్యికి పసుపు బొట్టు పెట్టిన రోజు నుంచి వంట అయ్యేదాకా ఆ చుట్టుపక్కల ఎవరమూ చెప్పులు వేసుకోం. పక్కనే కోసిన చేలోకి వెళ్ళాల్సి వచ్చినా అలాగే వెళ్ళిపోతాం. ఒక సీజనులో అలా వెళ్ళినప్పుడు చెరకు మోడు మడమ పక్కన దిగింది. పుల్ల లాగి పారేసి, పొయ్యిలోంచి ఇంత బూడిద తీసి అద్ది, వచ్చి తెడ్డు పట్టుకున్నాను. మేమందరం చేసేది అదే. నిప్పులో కాలినదానికన్నా శుభ్రమైనది ఏముంటుందని మా లెక్క. లోపల పీచు ముక్క ఉండిపోయిందని నాకు తెలీదు.

కొన్నాళ్ళకి అక్కడ పులిపిరి లాంటిది లేచింది. నొప్పి లేదు. నొప్పి ఉంటే ముందే వెళ్ళేవాడిని. దురద మాత్రం ఉండేది. మా వీధిలో సూదిమందు వేసే ఆయన ట్యూబు రాసిచ్చాడు. రాస్తే దురద తగ్గేది, పులిపిరి పెరిగేది. రెండో సీజను వచ్చేసరికి కాలీఫ్లవర్ పువ్వు ముక్క తెచ్చి కాలికి అతికించినట్టు అయింది. దాని మీద నల్లగా, మిరియపు పొడి చల్లినట్టు చుక్కలు. గోకితే నీరు, వాసన. ఇంకా ఆ ట్యూబే రాసుకున్నాను.

ఆ సీజను మొదలయ్యే రోజు నేను వెళ్ళేసరికి తెడ్డు మా బావమరిది చేతిలో ఉంది. రైతు నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఇయ్యేడు నువ్వు పెనం కాడికి రావొద్దురా."

"ఏటైంది బాబూ?"

"నీ కాలుకి పెద్దరోగం అంతన్నారు. బెల్లం అందరి నోట్లోకీ ఎల్లే సరుకు. రేపు ఎవులైనా అడిగితే నాను ఏటి సెప్పాల?"

"ఎవులన్నారు?"

 మా బావమరిది పెనంలోకి చూస్తూ అన్నాడు. "కోపం తెచ్చుకోకు బావా. నీ మంచికే సెప్పేను. ఇంటికాడ కాలు మీద కాలేసుకు కూకో. ఆ కాలు కాదు, రెండోది పైనెయ్యి."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆ ముందు సీజను వరకు నేను దించమంటే పెనం దించినవాళ్ళు వాళ్ళు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి టీ కొట్టులో నాకు కాగితం గ్లాసు ఇచ్చారు. మిగతా అందరికీ గాజు గ్లాసే.

మా ఆవిడే నన్ను బస్సెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. చర్మాల డాక్టరమ్మ మా పెద్దమ్మాయి వయసుది. ముక్కు మూసుకోలేదు. నా కాలు తన ఒళ్ళోకి తీసుకున్నంత దగ్గరగా చూసి, ఆ నల్లచుక్కలున్న చోట గీకి, గాజు పలక మీద మందు చుక్క వేసి, మైక్రోస్కోపులో పెట్టింది. చాలాసేపు చూసి నన్నూ చూడమంది. గుండ్రంగా, గోధుమరంగులో, పాత రాగి కానుల్లా నాలుగైదు గుంపుగా ఉన్నాయి.

"ఇదేనండి మీ శత్రువు" అంది. "ఫంగస్. రొట్టె పొంగించే ఈస్టు ఉంటుంది చూడండి, అలాంటి వాటిలో నల్లరకాలు కొన్ని ఉన్నాయి. మీది ఆ కుటుంబంది. మట్టిలో, కుళ్ళిన కర్రలో, ఎండిన ఆకులో బతుకుతుంది. పుల్ల గుచ్చుకుంటే దాంతో పాటు లోపలికి పోతుంది. దీని చుట్టాల్లో కొన్ని మెదడుకి కూడా ఎక్కుతాయి. మీది చర్మం పట్టుకుని ఉండిపోయే రకం."

"ఇది పెద్దరోగం కాదా అమ్మా?"

"కాదు. కుష్ఠు వేరే జబ్బు, దానికీ ఇప్పుడు మందులున్నాయి. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోదు."

నేను వాడిన ట్యూబు చూపిస్తే పక్కన పడేసింది. అది దురద అణిచే స్టెరాయిడ్ అట, ఫంగస్ మీద అది రాయడం పాముకి పాలు పోసి పెంచడం లాంటిదంది. క్యాప్సూళ్ళు రాసింది, నెలల తరబడి మానకుండా మింగాలని. మధ్యలో రక్తపరీక్షలు. నెలకోసారి వెళితే పొగలు కక్కే చల్లమందుతో దాన్ని మాడ్చేది. ఇంకో మాట చెప్పింది. "దీనికి వేడి పడదు. బొబ్బలెక్కకుండా, గుడ్డ చుట్టి, రోజూ కాస్త కాపడం పెట్టండి."

ఆ మాట నాకు పండగలా అనిపించింది. మంట దగ్గర బతికినవాడిని, వేడి పెట్టడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, కాలికి ఆనించి గంటలు కూర్చునేవాడిని. లోపలి రాగి కానులు ఒక్కొక్కటి ఉడుకుతున్నట్టు ఊహించుకునేవాడిని. ఇన్నాళ్ళూ నా మాంసం తిన్నావు, ఇప్పుడు నా వంట తిను అనేవాడిని పైకే. మా ఆవిడ నీళ్ళు మార్చడానికి వచ్చి ఒకసారి నిలబడిపోయింది.

"నువ్వు తిడతన్నది బూజునా, మా తమ్ముణ్ణా?"

"రెండూ ఒకటే."

ఆమె సంచి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలలకి ఆ పువ్వు రాలి, గట్టి మచ్చ మిగిలింది. మందు ఇంకా వాడమన్నా, అది అయ్యేదాకా నాకు ఆగాలని లేదు. డాక్టరమ్మ దగ్గర తెలుగులో ఒక కాగితం రాయించుకున్నాను. నలగకుండా దానికి లామినేషన్ ప్లాస్టిక్ అంటించుకున్నాను. మళ్ళీ సీజను వచ్చి గానుగ ఆడుతున్న రోజు, పొద్దున్నే వెళ్ళాను.

పెనం బాగా మరుగుతోంది. మా బావమరిది తెడ్డు పట్టుకుని ఉన్నాడు. రైతు మంచం మీద ఉన్నాడు. నేను దూరంగానే నిలబడి, కాగితం తెచ్చాను, చదువుతాను అన్నాను.

మా బావమరిది నా వైపు తిరిగాడు. "సదువు బావా. కలెక్టరాఫీసు నుంచి ఆర్డరు తెచ్చినట్టున్నావు. ఇందాం."

కాగితంలో మూడు ముక్కలే ఉన్నాయి. ఈయన కాలికి వచ్చినది మట్టిలో ఉండే నల్ల ఫంగస్ వల్ల. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈయన అందరితో కలిసి పని చేయవచ్చు, తినవచ్చు. నాకు అది నోటికి వచ్చు. అయినా అక్షరం కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను.

మొదటి ముక్క సగంలో ఉండగానే పెనం చప్పుడు మారింది. గుబగుబమనేది తగ్గి, బుడగలు చిన్నవై, చిటచిటలు మొదలయ్యాయి. పాకం వచ్చేసింది. నాకు చూడకుండానే తెలిసింది. నా దగ్గర నేర్చుకున్నవాడికి తెలియలేదు, ఎందుకంటే వాడు నా నోటి వైపు చూస్తున్నాడు.

"ఫ... ఫం... ఫంగస్" అన్నాను. మళ్ళీ మొదటినుంచి చదివాను.

"అయిదో తరగతి పాసయ్యేవా, తోసేసేరా?" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండో ముక్క మొదలుపెట్టాను. వాసన వచ్చింది. ముదురు వాసన, తరవాత మాడు వాసన. మూడో ముక్క చివర్న "తినవచ్చు" అన్నాక మాత్రమే తలెత్తాను.

అప్పటికి రైతు లేచాడు. మా బావమరిది "దించండి, దించండి" అని అరిచాడు. దించారు. తొట్టిలో పోస్తే తారులా సాగింది. ఆ పెనం బెల్లం ఏ మార్కెట్టూ కొనదు. వాడు తెడ్డు పట్టుకునే ఉన్నాడు, ముఖంలో నెత్తురు లేదు. ఎన్నాళ్ళ నుంచో చూడాలనుకున్న ముఖం అది. కడుపు నిండా చూశాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా ఆ సంతోషం తగ్గలేదు, అబద్ధం ఎందుకు.

రైతు నా దగ్గరికి వచ్చాడు. కాగితం తీసుకుని తనే చదువుకున్నాడు. మడిచి ఇవ్వబోయి, ప్లాస్టిక్ మడత పడక, అలాగే ఇచ్చాడు.

"అంటుకోదని నమ్మేను. తప్పు నాదే" అన్నాడు. నా గుండె తెడ్డు కోసం ముందుకి దూకింది. అప్పుడు అడిగాడు. "పాకం ముదిరినట్టు నీకు తెలీనేదా?"

"తెలిసింది బాబూ."

"మరి సెప్పనేదేటి?"

"పెనం కాడికి రావొద్దన్నారు గదా. రానోడికి పాకంతో ఏటి పని?"

ఆయన మాడిన తొట్టి వైపు చూశాడు. అది ఆయన చెరకు. మా బావమరిదిది కాదు. ఆ సంగతి నాకు ఆ నిమిషం దాకా తట్టలేదు.

"ఆడికి పని రాదు. నీకొచ్చు" అన్నాడు. "ఆడు నేర్సుకుంటాడు. నువ్వు మా గానుగ కాడికి రాకు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను గట్టు మీద నడుచుకుంటూ వచ్చేశాను. ఇంటి దగ్గర మా ఆవిడ ఏమైందని అడిగితే, కాగితం నమ్మారు అని చెప్పాను. తెడ్డు ఇచ్చారా అని అడిగింది. లేదన్నాను. ఎందుకంది. మొదట వాడు చేసినది చెప్పాను, తరవాత నేను చేసినది చెప్పాను. రెండోది చెప్పడానికి ఎక్కువసేపు పట్టింది.

ఇప్పుడు రోలుగుంట అవతల, కొండ కింద ఒక గానుగలో వండుతున్నాను. రెండు బస్సులు మారాలి. అక్కడ నా కాలు గురించి ఎవరికీ తెలీదు. పాత ఊళ్ళో నన్ను ఎందుకు తీసేశారని ఎవరైనా అడిగితే, రోగం వల్ల కాదని చెబుతాను. పాకం మాడనిచ్చానని చెబుతాను. అది నేను చేసిన పని. నా మీద వేసుకోవడానికి నాకు బాధ లేదు.