మంచె మీద వదిన, తుమ్మకొమ్మన గిజిగాడు

మా వదిన గొంతు తగ్గించి మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. ఆమె మా ఆయనకు అక్క. నాందేడ్ స్టేషన్‌లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే ఉద్యోగం చేసి రిటైరయింది. మరాఠీ, హిందీ, తెలుగు, ఏ భాషలో మాట్లాడినా ఒక్కొక్క మాట విడివిడిగా, గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు వినిపిస్తుంది. ఇంట్లో ఉప్పు అడిగినా అంతే. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని నేను పిట్టల ఫొటోలు తీయడం నేర్చుకోవడానికి వెళ్లాను.

నాకు కెమెరా కొత్త కాదు. స్టేషన్‌కు దగ్గరలో మాకు స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లి ఫొటోలు, సంబంధాలకు పంపే ఫొటోలు, అన్నీ నేనే తీస్తాను. మా ఆయన ప్రింట్లు, ఆల్బములు చూసుకుంటాడు. ఎంత బిగుసుకుపోయిన పిల్లనైనా రెండు మాటలతో నవ్వించగలను. తల ఎటు వంచితే మెడ సన్నగా కనపడుతుందో, ఏ ముఖానికి ఏ పక్క నుంచి వెలుతురు వేయాలో నాకు తెలుసు. ఈ పనిలో నాకు ఎదురు చెప్పేవాళ్లు మా బజారులో లేరు.

ఆదిలాబాద్ పిల్ల ఒకామె ప్రింట్ల కోసం మా దుకాణానికి వచ్చేది. ముప్పై ఏళ్లుంటాయి. ఆడవాళ్లను చిన్న చిన్న జట్లుగా కిన్వట్ వైపు అడవుల్లోకి తీసుకెళ్లి, బ్యాగులు మోయించి నడిపించి, ఫొటోలు తీయడం నేర్పుతుంది. ఒకరోజు నా గోడ మీద ఉన్న ఫొటోలన్నీ నిలబడి చూసింది.

"అక్కా, మనుషులను మస్తు తీస్తరు మీరు. మీ మాట ఇననోళ్లను ఎన్నడన్న తీసిండ్రా?"

"నా మాట ఇననోళ్లు ఎవలు?"

"పిట్టలు," అంది నవ్వుతూ. "ఒక్కసారి మా ఎంబడి రాండ్రి."

వస్తానన్నాను. ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ మాట చెబితే మా ఆయన తలూపాడు, వదిన మాత్రం కంచం పక్కకు జరిపి, "నేను గూడ అస్త," అంది. "ముప్పై ఏండ్లు సహస్రకుండ్, సహస్రకుండ్ అని మైకుల చెప్పిన. ఒక్కనాడు గా స్టేషన్ల దిగలే."

అలా వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, పొద్దున్నే ఆదిలాబాద్ బండి ఎక్కాం. మేమిద్దరం, నాందేడ్‌లో నర్సులుగా పనిచేసే ఇద్దరు స్నేహితురాళ్లు, మాకు నేర్పే ఆ పిల్ల. సహస్రకుండ్‌లో దిగి ఇస్లాపూర్ వైపు చేల గట్ల మీదుగా నడిచాం. నల్లరేగడి బురద బూట్లకు అంటుకుని ఒక్కో కాలు ఒక్కో రోకలంత బరువైంది. వీపు మీద గుడారం, దుప్పటి, రెండు రోజుల జొన్నరొట్టెలు, మిరపకాయలు దంచిన ఠేచా పచ్చడి. వదిన తన బ్యాగు ఎవరికీ ఇవ్వలేదు. మా అందరికంటే ముందు నడిచింది. చిక్కల్లా ఆమె నోటితోనే వచ్చింది.

కరెంటు తీగ మీద పచ్చని పిట్ట ఒకటి కూర్చుంది. మాకు నేర్పే పిల్ల చెయ్యెత్తి మమ్మల్ని ఆపింది. ఆమె ఇచ్చిన పొడుగు లెన్సులోంచి చూశాను. పిట్ట వీపు నావైపు ఉంది. "కొంచెం ఇటు చూడమ్మా," అనే మాట అలవాటుగా నా నాలుక చివరకు వచ్చింది. దాన్ని మింగేలోపు పక్క నుంచి వదిన, "అగో, ఎంత ముద్దుగున్నదో సూడు," అంది. తీగ ఖాళీ అయింది.

మడుగు దగ్గర కొంగ విషయంలోనూ అదే జరిగింది. టేకుచెట్ల మధ్య నెమలి దగ్గర మూడోసారి జరిగేసరికి ఆ పిల్ల వదినవైపు తిరిగి, "పెద్దమ్మా, జర నోరు కట్టుకోండ్రి. వీళ్లు నేర్సుకోను వచ్చిండ్రు," అంది. మాట కొంచెం గట్టిగానే పడింది.

వదిన మరి మాట్లాడలేదు. సాయంత్రం ఒక రైతు కొట్టం పక్కన గుడారాలు వేస్తుంటే మేకులు కొట్టింది, రొట్టెలు పంచింది. నర్సులిద్దరూ ఏదో జోకు చెప్పుకుని, ఆమె ముఖం చూసి ఆపేశారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నేను నోరు తెరిస్తె స్టేషనంత నిలబడి ఇన్నది," అంది వదిన. "గీ పిల్ల నన్ను నోరు కట్టుకొమ్మంటది."

"నీకు మెల్లగ మాట్లాడ రాదు గదా ఒదినె."

"రాదు. ఎన్నడు అవసరం పడలే."

"నాకు పిట్టలను తీసుడు రాదు. పొద్దటిసంది ఒక్క ఫొటో మంచిగ రాలే. మరి నేను అలిగి కూసున్ననా?"

ఆమె నావైపు చూసి, "నీకు సిగ్గు లేదు తియ్యి," అంది. అప్పటికి అది చాలు అనుకున్నాను. నిజంగానే నాకు సిగ్గనిపించలేదు. రానిది రాదని ఒప్పుకుంటే వచ్చేది త్వరగా వస్తుందని నా నమ్మకం. డిజిటల్ కెమెరాలు వచ్చినప్పుడూ అలాగే నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున కొంచెం దూరం నడిచి ఒక జొన్నచేను దగ్గరకు చేరాం. చేను మూలన పాతబావి. బావి మీదికి వంగిన తుమ్మచెట్టు. దాని కొమ్మలకు గిజిగాళ్ల గూళ్లు, నీళ్ల మీదుగా వేలాడుతున్నాయి. కొన్ని పూర్తయినవి, కొన్ని ఇంకా సగం అల్లి, టోపీ బోర్లించినట్టున్నాయి. పసుపుపచ్చ తలల మగపిట్టలు పొడుగాటి గడ్డి ఈనెలు నోట కరచుకుని వచ్చి, తలకిందులుగా వేలాడి, ముక్కుతో దూర్చి లాగి మళ్లీ దూరుస్తున్నాయి. నేను కెమెరా తీసేలోపే ధన్‌ధన్‌మని డబ్బా మోగింది. పిట్టలన్నీ లేచిపోయాయి.

చేను యజమానురాలు మంచె దగ్గర నిలబడి రేకుడబ్బా మీద కర్రతో కొడుతోంది. నడివయసు మనిషి. మా బ్యాగులూ కెమెరాలూ చూసి దగ్గరకు వచ్చింది.

"ఫొటోలు తియ్యుండ్రి, నేనేమంట," అంది. "గని డబ్బ కొట్టుడు ఆపుమంటె ఆప. కంకులు పాలు పోసుకున్నయ్. గూళ్లు గిక్కడ కడుతయ్, తిండి నా చేన్ల తింటయ్."

ఆమె చెప్పిందాంట్లో తప్పేముంది? మాకు నేర్పే పిల్ల వేరే చోటు చూద్దామంది. నాకు కదలబుద్ధి కాలేదు. ఆ సగం గూళ్లలో ఏదో జరగబోతోందని తెలుస్తోంది. పెళ్లిలో తాళి కట్టే క్షణం ముందు పందిరిలో ఒక కదలిక వస్తుంది, దాన్ని నేను దూరం నుంచే పసిగడతాను. ఇది అలాంటిదే.

అప్పుడు వదిన ముందుకు వచ్చింది. నెమలి దగ్గర మాట పడ్డాక అందరి ముందూ ఆమె మాట్లాడటం అదే మొదలు.

"డబ్బ ఎందుకు? పిట్టలు చేన్లకు రాకుంటె సాలు గదా. నేను గా మంచె ఎక్కి ఒర్రుత. నువ్వు జరసేపు కూసో."

"నీ ఒర్రుడుకు పోతయా గవి?" అంది ఆ రైతామె.

"పోకుంటె అప్పుడు డబ్బ కొట్టు."

బావికి మంచె చాలా దూరం. వదిన చీర కుచ్చెళ్లు దోపుకుని, నిచ్చెన ఎక్కి, చేను మధ్యకు తిరిగి నిలబడింది. గొంతు సవరించుకుంది.

"దయచేసి వినండి. ఆదిలాబాద్ వైపు పోవు పిట్టలన్నియు చేను విడిచి తక్షణమే బయలుదేరవలెను."

జొన్నకంకుల మీంచి గుంపు లేచింది. వెంటనే అదే సంగతి మరాఠీలో, తర్వాత హిందీలో చెప్పింది. రైతామె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావి గట్టు మీద కూలబడి నవ్వింది. "గీమె గొంతుకు పిట్టలు గాదు, పందులు సుత ఉర్కుతయ్," అంది.

చేలోంచి లేచిన గిజిగాళ్లు ఎక్కడికి పోతాయి? తుమ్మచెట్టు మీదికే వచ్చాయి. అంత దూరం నుంచి ఆగకుండా వస్తున్న ఆ గొంతుకు గూళ్ల దగ్గర ఏ పిట్టా బెదరలేదు. కాసేపటికి నాకూ అది గాలి చప్పుడులాగే అయిపోయింది.

నేను సూర్యుడు నా వీపు వెనక ఉండేలా కూర్చున్నాను. మాకు నేర్పే పిల్ల వంగి, నా చెవిలో, "అక్కా, అటు దిక్కు పోండ్రి. ఎండ పిట్ట ఎనుక ఉండాలె," అంది.

"ముఖం నల్లగ పడుతది గదా."

"పడనియ్యుండ్రి. గూడు సూడుండ్రి."

ఇన్నేళ్లూ వెలుతురును ముఖం మీదికి తేవడమే నా పని. అయినా లేచి బావి చుట్టూ తిరిగి వెళ్లాను. అటువైపు నుంచి చూస్తే గూడు అల్లిక పోగు పోగునా వెలుగుతోంది. ఒక్కో ఈనె ఎటు నుంచి ఎటు దూరిందో కనిపిస్తోంది. ఆమె చెప్పింది నిజమే. అయితే పిట్ట తల మాత్రం మసిముద్దలా ఉంది. అది నాకు నచ్చలేదు. నాలుగడుగులు పక్కకు జరిగాను. వెలుతురు ఏటవాలుగా వచ్చి, గూడు వెలిగింది, తల మీద పసుపు కూడా నిలిచింది. ఆ పిల్ల నా కెమెరా తెర మీద చూసి, "గిట్ల నేను సుత తియ్యలే," అంది.

ఒక ముళ్లకొమ్మ అడ్డం వస్తోంది. నర్సుల్లో ఒకామె విరుద్దామా అని సైగ చేసింది. ఆ పిల్ల వద్దంది. ఆ కొమ్మే కాకుల నుంచి గూటికి చాటు. స్టూడియోలో అయితే అడ్డం వచ్చినదాన్ని జరుపుతాను, మనిషిని జరుపుతాను. ఇక్కడ జరగాల్సింది నేనే. బావి గట్టు పక్కన బురదలో బోర్లా పడుకున్నాను. కొమ్మ కింద నుంచి గూడు స్పష్టంగా కనపడింది.

గోధుమరంగు ఆడపిట్ట ఒకటి వచ్చింది. మగది రెక్కలు టపటపలాడించి ఒకటే అరుపు. ఆడది సగం గూట్లో దూరి, అల్లికను ముక్కుతో లాగి చూసి, ఎగిరిపోయింది. మగది కాసేపు అలాగే వేలాడి, మళ్లీ గడ్డి కోసం వెళ్లింది. ఎంతమంది పిల్లలకు సంబంధాల ఫొటోలు తీశాను. చూపులకు మగవాడు ఇలా నిలబడితే చూడటం మాత్రం నాకు అదే మొదలు.

"టకటక నొక్కుండ్రి అక్కా, ఒక్కటన్న దొరుకుతది," అంది ఆ పిల్ల.

"ఆగు చెల్లె," అన్నాను. రీలు కెమెరాల కాలంలో పని నేర్చుకున్నదాన్ని. వేలు తొందరపడదు.

ఇంకొక ఆడపిట్ట వచ్చింది. లోపలికి దూరింది. లాగి చూసింది. వెళ్లలేదు. మగది గూటి అంచున తలకిందులుగా వేలాడి రెండు రెక్కలూ పూర్తిగా విప్పింది. ఎండ ఆ రెక్కల్లోంచి దిగి, ఒక్కో ఈక విడిగా కనిపించింది. అప్పుడు నొక్కాను. చూసుకోకుండానే తెలిసింది, వచ్చిందని.

ఎండెక్కాక పిట్టలు నెమ్మదించాయి. మాకు నేర్పే పిల్ల ఫ్లాస్కులో చాయ్ తీసుకుని మంచె దగ్గరకు వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

"పెద్దమ్మా, నిన్న జర గట్టిగన్న."

"అన్నవు. నేను సుత అలిగిన," అంది వదిన చాయ్ అందుకుంటూ. "మాపటికి సహస్రకుండ్ జలపాతం సూపెట్టు, సరిపోతది."

చూపించింది. ఆ హోరులో వదిన ఏదో అంది, ఆ ఒక్కసారే ఆమె మాట నాకు వినబడలేదు.

నాందేడ్‌కు వచ్చాక ఆ ఫొటో పెద్దది ప్రింట్ చేయించి, ఒక కాపీ ఆ రైతామెకు ఇవ్వడానికి నేనూ వదినా మళ్లీ బండెక్కాం. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, ఫొటోను ఎండకు ఎత్తి పట్టుకుని, చాలాసేపు చూసింది.

"పిట్ట మంచిగనే ఉన్నది," అంది. "ఎనుక గీ మసక మసక ఏంది?"

"గది నీ చేనే అక్కా. పిట్ట మీద నదరు పడాలని ఎనుక మసక చేస్తం."

"నా చేను మసక చేసినవా? తిన్నోళ్లను మంచిగ తీసి, తినబెట్టినదాన్ని మసక చేస్తరా? కోతకు ముందల చేను తియ్యి."

పిట్ట కోసం పొడుగు లెన్సు నేర్చుకున్నానే గానీ, చేను కోసం ఏం చేయాలో ఆలోచించలేదు. కెమెరా తీసుకుని మంచె ఎక్కాను. వెడల్పు లెన్సు పెట్టి, కాళ్ల దగ్గరి కంకి నుంచి చివరి గట్టు దాకా ఏదీ మసక కాకుండా అమర్చుకుని, గాలి ఆగేదాకా కూర్చున్నాను. కిందనుంచి ఆమె, "బావి దిక్కు గూడ రావాలె," అని చెబుతూనే ఉంది. బావి కూడా వచ్చింది.