విప్పేముందు బొమ్మ గీసే గోపాలరావు

గోపాలరావుకి ఏ వస్తువైనా విప్పేముందు దాని బొమ్మ గీసుకోవడం అలవాటు. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా మీటర్లు బాగుచేసే ఉద్యోగం ఆయనది. ఏ తీగ ఏ రంగుది, ఏ మర ఎక్కడిది, ముందు పెన్సిలుతో పుస్తకంలోకి ఎక్కాలి. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు. ఇది ఎవరో నేర్పింది కాదు. చేరిన కొత్తలో ఒక ప్రెషర్ గేజి విప్పి, మళ్ళీ బిగించాక రెండు స్ప్రింగులు మిగిలిపోతే, వాటిని జేబులో వేసుకుని ఇంటికొచ్చిన రోజు తనకు తానే చెప్పుకున్న పాఠం.

ఫోన్ల సంగతీ అలాగే సొంతంగా నేర్చుకున్నాడు. తూంకుంటలో ఇల్లు కట్టుకున్నాక, ఆ లేఅవుట్‌లో ఎవరి ఫోను మొరాయించినా ఆయన వరండాలోకే వచ్చి పడుతుంది. ఆయన ముందు మనిషి చెప్పేది వింటాడు, తర్వాతే ఫోను చేతిలోకి తీసుకుంటాడు. "ముప్పావు జబ్బు వాళ్ల మాటల్లోనే తెలిసిపోతుంది" అంటాడు.

"మిగతా పావు మీరు తగిలిస్తారు" అంటుంది భార్య బాలాత్రిపురసుందరి.

ఆవిడ ఊరికే అనలేదు. రెండేళ్ల కిందట ఆవిడ ఫోను కొత్త అప్‌డేట్ వచ్చాక నత్తనడక నడుస్తుంటే, పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి పరుగులు పెట్టించాడు. ఫోనైతే పరిగెత్తింది గానీ, ఆవిడ అక్కయ్య పార్వతీదేవి తెనాలి నుంచి పాడి పంపిన నలభై మంగళహారతులూ తుడుచుకుపోయాయి. పాపం అక్కయ్య మళ్ళీ ఒక్కొక్కటే పాడి పంపింది. అయినా సుందరికి వెలితే. "పాట మధ్యలో మా అక్క దగ్గు, ఆ వంటింట్లో కుక్కర్ కూత. అవి మళ్ళీ వస్తాయా అండీ?"

ఆ మాట గోపాలరావుకి లోపల ఎక్కడో మిగిలిపోయిన మూడో స్ప్రింగు.

ఒక సోమవారం పొద్దున, పాలు పోయడానికి వచ్చిన పద్మమ్మ గేటు దగ్గరే క్యాను దించేసి నిలబడింది. ఆ లేఅవుట్ అంచున రేకుల కొట్టంలో ఐదు బర్రెలున్నాయి ఆమెకి.

"సారూ, గీ ఫోన్ జర సూడుండ్రి. దీని మొకమే మారిపోయింది."

"కూర్చో పద్మమ్మా. ఎప్పటి నుంచి?"

"బుధవారం నుంచి. నాకు రోజుకు లీటరున్నర నెట్టు వస్తది. నేనైతె ఎప్పుడు బందే వెడ్త. మా కోడలు సీరియల్ సూసి బంద్ వెట్టుడు మర్సిపోయింది. పొద్దుగాల లేసేసరికి లీటరున్నర తాగి, కొత్త మొకం ఏసుకొని కూసున్నది."

పాలకీ నెట్టుకీ ఆమెకి ఒకటే కొలత; జీబీ అన్నా లీటరే. గోపాలరావు నవ్వాడు. పద్మమ్మ నవ్వలేదు.

మనవరాలు భవిత పోయిన నెలలోనే సిద్దిపేట వైపు ఒక హాస్టల్లో ఐదో తరగతిలో చేరింది. కొడుకూ కోడలూ షిఫ్టుల్లో ఉంటారని హాస్టల్లో అవ్వ నంబరే రాయించారు. ఆదివారం ఆదివారం హాస్టల్ ఫోను నుంచి ఒక్కో పిల్లకి ఐదు నిమిషాలు. తిరిగి చేస్తే అక్కడ ఎవరూ ఎత్తరు. నిన్న పది గంటలకి ఫోను మోగింది. పద్మమ్మ అలవాటుగా వేలు పైకి జరిపింది. కదల్లేదు. కొత్త మొహంలో ఎత్తడానికి కుడికి, కట్ చేయడానికి ఎడమకి జరపాలని ఆమెకి తెలియదు. కంగారుగా అటూ ఇటూ రుద్దింది. కట్ అయింది. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ అయింది. మూడోసారి మోగలేదు.

"వచ్చే ఆదివారం మాట్లాడుతుందిలే" అన్నాడు గోపాలరావు.

"గట్ల గాదు సారూ." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దింపి వచ్చిన్నాడు 'నేనుండ, ఇంటికొస్త' అని కాళ్లకు సుట్టుకున్నది. 'ఏడిస్తె నీ ఫోన్ ఎత్త' అన్న. ఊకనే అన్న, బెదిరియ్యనీకి. ఇప్పుడు పిల్ల ఏమనుకుంటది? అవ్వ నిజంగనే ఎత్తలేదనుకోదా? పాతదే వెట్టుండ్రి సారూ, మీ కాల్మొక్త."

"అంత మాటెందుకమ్మా. గురువారం ఫోను తీసుకురా."

ఆ లేఅవుట్‌కి కేబుల్ నెట్టు ఇంకా రాలేదు. ఆ ఫోను పాత సాఫ్ట్‌వేర్ నాలుగు జీబీ పైమాటే. ఆయనకి కూడా రోజుకి లీటరున్నరే. మూడు రోజులు తెల్లవారుజామునే లేచి, సాయంత్రం వార్తలు మానుకుని, విడతలు విడతలుగా దించుకున్నాడు.

గురువారం పద్మమ్మ ఫోను చేతికిచ్చింది. గోపాలరావు పుస్తకం తెరిచాడు. మొదలుపెట్టేముందు అడగవలసిన మాట ఒకటుంది, అది సుందరి దగ్గర నేర్చుకున్నది.

"మొత్తం తుడిచేస్తేగానీ పాతది ఎక్కదు. ఇందులో పోకూడనిది ఏమైనా ఉందా?"

"నాకేం సదువొస్తదా సారూ? గందుల ఏముంటది!"

సరేనని ఒక్కో తెరా గీసుకుంటూ నంబర్ల దగ్గరికి వచ్చాడు. ఒక్క పేరూ లేదు, అన్నీ ఫొటోలే. తవుడు బస్తా. బర్రెల డాక్టరు సూది. నీలం గేటు, పచ్చ గేటు, కుక్క ఉన్న గేటు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, కళ్లజోడు ముక్కు కొసకి జారిన ఒక మనిషి.

"ఇది నేనే కదూ?"

"ఔ సారూ. పిల్ల దొంగతనంగ తీసింది. హాస్టల్‌కు పోయే ముందుగాల రెండు దినాలు ఊరంత తిరిగి ఏసిచ్చింది. 'నేను లేకుంటె నీకు ఎవలు సదివి పెడ్తరే' అని."

అన్నిటికంటే పైన, నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్న భవిత. ఆ ఫొటో కింద హాస్టల్ నంబరు.

గోపాలరావు పెన్సిలు కింద పెట్టేశాడు. ఈ బొమ్మ ఆయన గీయగలిగింది కాదు. విప్పేముందు ఆ పిల్లే గీసి పెట్టింది.

"ఫోను మొత్తం వెనక్కి తీసుకెళ్లను పద్మమ్మా" అన్నాడు నెమ్మదిగా. వెనక నుంచి సుందరి కాఫీ గ్లాసు పెడుతూ "బతికించారు" అంది.

అరగంట వెతికాడు. కాల్ ఎత్తే యాప్ ఒక్కదానికే కొత్తగా వచ్చి చేరిన అప్‌డేట్లు తీసేసే దారి ఉంది. మిగతాదేదీ ముట్టుకోకుండా అదొక్కటే తీసేశాడు. దానంతట అది మళ్ళీ మారకుండా కట్టడి చేశాడు. ఎవరైనా ఆపడం మర్చిపోయినా చాటుగా నెట్టు తాగకుండా ఇంకో గొళ్లెం పెట్టాడు. తర్వాత వరండా ఈ చివర నుంచి ఆ చివరికి ఫోను చేశాడు. చెవి మీద పెన్సిలున్న మనిషి తెర మీదికొచ్చాడు. పద్మమ్మ వేలు పైకి జరిపింది.

"హలో సారూ! మంచిగున్నరా?"

"ఇక్కడే ఉన్నాను కదమ్మా!"

ఆదివారం తొమ్మిదిన్నరకి ఆయన గిన్నె పట్టుకుని చెప్పులు వేసుకున్నాడు.

"పాలు పొద్దున్నే పోసి వెళ్లింది కదండీ" అంది సుందరి.

"మజ్జిగేమైనా..."

"వెళ్లండి, వెళ్లండి. ఆ గిన్నె లేకపోయినా వెళ్లొచ్చు."

కొట్టంలో ఫోను పాలిథిన్ కవరులో మేకుకి వేలాడుతోంది. పది దాటింది. పది పది. గోపాలరావుకి తను ఎక్కడో ఒక గొళ్లెం మరిచాడేమోనని గుబులు. అంతలో మోగింది. చేతులు మోచేతి దాకా కుడితిలో ఉన్న పద్మమ్మ, కొంగుకి తుడుచుకుంటూ పరిగెత్తింది. కవరులోంచి తీసింది. నాలుక బయటపెట్టిన మొహం. వేలు పైకి.

అవతల నుంచి చిన్న గొంతు:

"అవ్వా... ఎత్తినవా?"

"ఎత్తిన బిడ్డా, ఎత్తిన."

"నేను ఏడుస్తలేనే అవ్వా. సచ్చి, నిజం. పోయిన వారం గూడ ఏడ్వలే."

పద్మమ్మ గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

"ఏడువు బిడ్డా. నీకు ఏడుపొస్తె ఏడువు. ఏడిసినా ఎత్తుత. గా దినం ఫోనే ఖరాబైంది, నేను గాదు."

గోపాలరావు కొట్టం అవతలికి నడిచి, ఒక బర్రెని శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ముందు ఏడుపు, తర్వాత ఏదో నల్లబర్రె ఈనిన కబురు, ఆ తర్వాత ఇద్దరి నవ్వూ వినిపించాయి. ఐదు నిమిషాలూ అయిపోయాయి.

పద్మమ్మ కళ్లు తుడుచుకుని, ఫోనుని మళ్ళీ కవరులో చుట్టి మేకుకి తగిలించింది. ఆయన అలవాటు కొద్దీ, ఒకసారి సరిచూద్దామని చెయ్యి చాచాడు.

"వద్దు సారూ" అంది ఆమె, నవ్వుతూనే అడ్డం నిలబడి. "ఇగ దీన్ని ఎవ్వలు ముట్టద్దు. మీరు గూడ."

గోపాలరావు చెయ్యి వెనక్కి తీసుకుని, గిన్నె అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాడు.