తాడు మధ్యలో చోటు

మా మేనత్త పోయిందన్న కబురు మా కావలికి చేపలు అమ్మడానికి వచ్చిన ఆమె తెచ్చింది. గంప దించకుండానే చెప్పి, మా అరుగు మీద కూలబడి ఏడ్చింది.

మామ పోయాక, బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున ఆయన అలివి వలను అత్తే నడిపించింది. ఆ వలను పడవలో తీసుకుపోయి చుట్టూ వేసి వస్తే, ఒడ్డున జనం తాళ్లు పట్టి లాగుతారు. తాడు పట్టిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఉంటుంది. పిలవకుండా వచ్చి పట్టినా సరే, పొమ్మనకూడదు. అది అక్కడి కట్టుబాటు. జైలు నుంచి వచ్చినవాళ్లకు అత్త దాన్నే ఆసరా చేసింది. రైలు దిగినవాడికి అన్నం పెట్టి, మర్నాడు తాడు దగ్గరికి తీసుకుపోయేది.

ఆమె తీసే ఆరా అంతా ఇంతా కాదు. చేసిన నేరం మాత్రం అడిగేది కాదు. "అబ్బయ్యా, ఆడ గంజిలో ఉప్పేస్తారా? దోమలుండాయా?" అనేది. తలెత్తని మనిషి కూడా ఉప్పు సంగతి అడిగితే నోరు విప్పేవాడు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులిస్తే ఆ కబుర్లు వినడానికే వెళ్లేదాన్ని.

ఒకతను వల తగాదాలో తెడ్డుతో కొట్టి తోటివాడి చెయ్యి విరగ్గొట్టి జైలుకు పోయాడు. అతను తిరిగొచ్చి తాడు పట్టిన రోజు మిగతావాళ్లంతా తాడు వదిలేశారు. పొమ్మనకూడదు గానీ, తాము వదలకూడదని కట్టుబాటులో లేదు కదా. వల సముద్రంలోకి జారిపోతోంది. అతనొక్కడే ఇసుకలో మడమలు దిగేసి లాగుతున్నాడు. ఆ రోజు వాటా దక్కకపోతే అతనికి ఊళ్లో చోటు లేనట్టే. అత్త చీర ఎగ్గట్టి అతని వెనక తాడు పట్టింది.

"వల నాది. పోతే నాదే పోతాది. వీడు మాత్రం ఈడ్నే ఉంటాడు" అంది.

ముందుగా వచ్చి అతని ముందు తాడు పట్టింది ఎవరనుకున్నారు? ఆ చెయ్యి విరిగినతనే, బాగున్న చేత్తో. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎందుకు పట్టాడత్తా అంటే, "నాకేం తెలుసు, పోయి అడుగు" అని నవ్వింది. అడిగాను. మీ అత్త తడిసిపోతుంటే చూడలేకపోయానన్నాడు. అంతేనా, ఇంకేమైనా ఉందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

అప్పట్నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి తాడు మధ్యలోనే నిలబెట్టేది. ముందొకరు, వెనకొకరు ఉండాలనేది. ఆ వెనక మనిషి ఎప్పుడూ ఆమే. మనుషుల గురించి నాకున్న కాస్త కుతూహలం ఆమె పెట్టిన భిక్షే.

దినాలయ్యాక ఒడ్డుకు వెళ్లాను. వల లాగుతున్నారు. అప్పుడు తెడ్డుతో కొట్టి జైలుకు పోయినతను మధ్యలో ఉన్నాడు. అతని వెనక ఒక మనిషి పట్టేంత తాడు ఖాళీగా వదిలి, ఆ అవతల నిలబడి లాగుతున్నారు.