కొలతమ్మ జరిపించిన బీరువా

ఆవిడ అసలు పేరు మా వీధిలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. అందరూ కొలతమ్మ అనే అంటారు. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో కాన్పుల గదిలో నర్సుగా చేసి, ఉద్యోగం అయిపోయాక ఇళ్ళకు వెళ్ళి పురుళ్ళు పొయ్యడం మొదలుపెట్టింది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు కడుపుతో ఉన్న పిల్లని చూడదు. సంచిలోంచి దర్జీ టేపు తీసి గుమ్మం కొలుస్తుంది. అందుకే ఆ పేరు.

మా ఇంటికి వచ్చినప్పుడూ అంతే. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదో నెల. వాళ్ళ నాన్న పోయి అయిదు నెలలు. నలభై రోజులు ఆసుపత్రిలో ఉండి పోయారాయన. ఆ నలభై రోజులూ నాతోపాటు అక్కడి బెంచీ మీద కూర్చున్నది మా అమ్మాయే. అప్పుడే వేవిళ్ళు. ఆ మందుల వాసన ఇప్పటికీ ముక్కులోంచి పోలేదంటుంది.

"నేనక్కడ కననమ్మా. ఇంట్లోనే కంటాను" అని పట్టుపట్టింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, చెయ్యి తిరిగిన మనిషి దగ్గరుంటే సరేనంది. అలా కొలతమ్మని పిలిచాం.

మా ఇంటికి వెనక గది ఒక్కటే పెద్దది. అక్కడికి వెళ్ళాలంటే సన్నటి నడవ దాటాలి. నడవ మలుపులో మా ఆయన బీరువా ఉంటుంది. ఆయన పోయాక దాన్ని నేను తెరవలేదు, ఎవరినీ తెరవనివ్వలేదు. తాళంచెవి పంచదార డబ్బాలో దాచాను.

కొలతమ్మ టేపుతో నేరుగా దాని దగ్గరికే వెళ్ళి ఆగింది.

"ఇది తియ్యాలి చెల్లీ."

"చోటుందక్కా. నేను నిన్ననే కొలిచాను. నాలుగు జానలుంది" అన్నాను. ఆవిడ సంగతి విని ముందురోజే జానలతో రెండుసార్లు కొలిచి పెట్టుకున్నాను మరి.

"నడిచి వెళ్ళేవాళ్ళకి నాలుగు జానలు చాలు. పడుకుని వెళ్ళేవాళ్ళకి?"

అని ఊరుకోలేదు. మడత మంచం తెప్పించి వెనక గదిలో వేయించి, తనే దాని మీద వెల్లకిలా పడుకుంది. మా అల్లుణ్ణీ, పక్కింటి డ్రైవర్నీ పిలిచి మొయ్యమంది. మనిషి బాగా భారీ. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి.

"ఎంత బరువున్నానో చెప్పకండి. నాకు తెలుసు" అంది ఆవిడ పడుకునే.

"చెప్పే ఓపిక ఎక్కడిది నర్సమ్మా" అన్నాడు డ్రైవరు.

"నన్ను మోసినవాడు పెళ్ళాన్ని దూదిపింజలా మోస్తాడు. పద బాబూ."

మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి మంచం కాళ్ళు బీరువాకి ఖంగుమని తగిలాయి. ముందుకి వెళ్ళదు, వెనక్కి రాదు.

"అటు తిప్పన్నా" అన్నాడు అల్లుడు.

"ఎటు తిప్పినా గోడేగా" అన్నాడు డ్రైవరు.

కొలతమ్మ పైకప్పు కేసి చూస్తూ మెల్లగా అంది. "ఇప్పుడు నాకు రక్తం పోతోందనుకోండి. ఎంతసేపు ఇక్కడ ఉంచుతారు నన్ను?"

మా అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

వెళ్ళేటప్పుడు ఆవిడ చెప్పులు వేసుకుంటూ నాతో అంది. "బీరువా కదిలితే నేనొస్తాను. కదలకపోతే ఆసుపత్రే. ఇందులో బేరం లేదు. శుక్రవారం మళ్ళీ వచ్చి చూస్తాను."

మూడు రోజులు గడిచాయి. "మీరు చూడక్కర్లేదు అత్తయ్యా, మేమిద్దరం లాగేస్తాం" అన్నాడు అల్లుడు. ఖాళీ చెయ్యకుండా అది అంగుళం కదలదని అతనికీ తెలుసు. నేను వినపడనట్టు గిన్నెలు తోముకున్నాను.

గురువారం సాయంత్రం చూస్తే మా అమ్మాయి సంచిలో బట్టలు సర్దుకుంటోంది.

"ఏమిటే అది?"

"ఆసుపత్రికి."

"ఇంట్లో కంటానన్నావుగా?"

"నాన్న బీరువా అక్కడే ఉండనీ అమ్మా. నేను వెళ్తాలే" అంది, మడత తప్పిన తువ్వాలు మళ్ళీ మడిచి.

మర్నాడు పొద్దున్నే తాళంచెవి తీసి బీరువాకి పెట్టాను. తిప్పలేకపోయాను. అలా ఎంతసేపు నిలబడ్డానో. కొలతమ్మ వచ్చి చూసింది. ఓదార్చలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, తనే చెయ్యి చాచి తాళం తిప్పింది.

"పాత నూలు బట్టలు కావాలి నాకు. ఒక్కొక్కటీ ఇటివ్వు."

ఇచ్చాను. ప్రతిదాన్నీ బొటనవేలితో నలిపి చూసింది. "ఇది మెత్తగా ఉంది, పాపాయిని తుడవడానికి బాగుంటుంది. ఇది నైలాను, పనికిరాదు. ఇది ఇంకా గంజి వదల్లేదు, రెండుసార్లు ఉతుకు." కూరగాయలు ఏరినట్టు ఏరుతోంది. ఒక చొక్కా విప్పి ఎత్తి పట్టుకుంది.

"మనిషి పొడుగా?"

"ఆరడుగులకి కొంచెం తక్కువ."

"తెలుస్తూనే ఉంది. ఈ ఒక్కదాంట్లో ముగ్గురు పిల్లల్ని చుట్టొచ్చు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఆవిడ చేతిలో పని ఆపలేదు. కాలరు దగ్గర ఇంకా ఆయన వాసన ఉన్న చొక్కా ఒకటి నేను ఇవ్వలేక పట్టుకుంటే, దాని జోలికి రాలేదు. "తర్వాతది" అంది, అంతే.

అప్పుడే చెప్పింది, ఈ కొలతల పిచ్చి ఎలా పట్టిందో. చాలా ఏళ్ళ క్రితం ఒక మేడ మీద కాన్పు. బిడ్డ పుట్టాక తల్లికి ఫిట్స్ వచ్చాయి. స్ట్రెచరు మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. చివరికి దుప్పట్లో మూట కట్టినట్టు దించారు.

"తల్లి బతికింది. నా జుట్టు మాత్రం ఆ మెట్ల మీదే నెరిసింది" అని జడ ముందుకి వేసి చూపించింది.

మధ్యాహ్నానికి ఖాళీ బీరువా ముందు గదిలోకి వెళ్ళింది. మలుపులో గోడ మీద అది ఉన్నంత మేరా సున్నం కొత్తగా తెల్లగా ఉంది. తర్వాత ఆవిడ చెప్పినట్టే వెనక గది కడిగాను. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టించింది, వంగి వంగి తన నడుం విరగకుండా. పరుపు మీద ప్లాస్టిక్ గుడ్డ, దాని మీద ఉతికిన దుప్పటి. అంబులెన్సు నంబరు నా చేత గోడ మీద పెద్ద అంకెలతో రాయించింది. "కంగారులో కళ్ళు కనపడవు చెల్లీ, అరచెయ్యంత రాయి" అంది.

నెలలు నిండాక ఒకరోజు తెల్లారుతూనే నొప్పులు మొదలయ్యాయి. పది దాటకుండానే పాప పుట్టింది. గట్టిగానే ఏడ్చింది. అందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం, కొలతమ్మ తప్ప. మాయ రాలేదు. అరగంట చూసింది. ఈలోగా దుప్పటి ఎర్రబడడం మొదలైంది. మంచినీళ్ళు అడిగినంత మామూలుగా, "బాబూ, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. చెల్లీ, పాపని నువ్వెత్తుకో" అంది.

వచ్చినవాళ్ళు మలుపు దగ్గర ఆగనే లేదు. స్ట్రెచరు ఒక్క తిప్పుతో తిరిగి వీధిలోకి వెళ్ళిపోయింది. ఎక్కడికో నాకు తెలుసు. ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క ఆసుపత్రే. పాపని గుండెకి హత్తుకుని వెనకే వెళ్ళి, ఆసుపత్రి మెట్లు ఎక్కేశాక గానీ ఎక్కానని తెలియలేదు. అదే వరండా. అదే బెంచీ. దాని మీదే కూర్చున్నాను.

ముప్పావుగంట తర్వాత తలుపు తీసుకుని కొలతమ్మ వచ్చింది. జడ విడిపోయి ఉంది.

"వచ్చేసింది. మాయ మొత్తం వచ్చేసింది. రక్తం ఆగింది. ఆలస్యం కాకుండా తెచ్చారన్నాడు డాక్టరు."

పాపని ఒడిలో సర్దుకున్నాను.

"ఆకలంటోంది."

"ఎవరు?"

"నీ కూతురు. ఇంకెవరు? తినడానికి ఏమైనా పెట్టమని ఆ డాక్టర్ని కాల్చుకు తింటోంది. వాసన సంగతే ఎత్తలేదు."

అని నా పక్కన కూలబడి, రెండు నిమిషాల్లో నా భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టింది. ఒడిలో పాప కూడా నిద్రపోతోంది. భుజం తిమ్మిరెక్కినా నేను కదల్లేదు.