దప్పికరాయి

దయ్యాలు, గాలీ ధూళీ అంటే నాకు ఒళ్లుమంట. ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తుంటే విసుక్కుని బయటికి పోయేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పను. మా నాయన ఎట్లా పోయాడో మాత్రం చెబుతాను.

మాది ధర్మవరం. నాయన బతుకంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని చీరలు నేశాడు. మోకాళ్లు పట్టేశాయి, రోజూ నడవమన్నాడు డాక్టరు. తోడుగా నేనూ పోయేదాన్ని. ఊరి బయట గుట్ట కింద చిన్న వనం ఉంది. వేప, కానుగ చెట్ల మధ్య నడవడానికి మట్టి బాటలు వేశారు. వెనకటి కరువులో గంజి పోసే చోటు వెతుక్కుంటూ పోయిన జనం దప్పికతో అక్కడే రాలిపోయారని గేటు దగ్గర బోర్డు మీద రాశారు.

వాళ్లను పూడ్చిన చోట, బాట మలుపులో, ఒక నల్లరాయి ఉంది. దాన్ని దప్పికరాయి అంటారు. ఆ బాటన పోయేవాళ్లు దాని మీద కాసిని నీళ్లు పోసి, ఆ తర్వాతే తాము తాగాలి. నాయన ఒక్కరోజు కూడా తప్పలేదు.

పోయిన ఎండాకాలం ఒక ఉదయం మా అన్న కూడా మాతో వచ్చాడు. నాయన నీళ్లు పోస్తుంటే నవ్వాడు.

"రాయికి గూడా దప్పికైతాదా నాయనా?"

"నోరు మూసుకోని నువ్వూ పొయ్‌రా. మొదట వాళ్లు, ఆమీట మనం" అని నాయన ముందుకు సాగాడు.

అన్న నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి, సరిగ్గా ఆ రాయి మీదే ఉమ్మాడు. ఛీ, వీడి బుద్ధి తగలెయ్య అనుకున్నాను. తిట్టేలోపే ముందున్న నాయన గొంతు పట్టుకుని కూలబడ్డాడు. ఆయన వెనక్కి తిరగనేలేదు. అన్న చేసింది ఆయనకు తెలియదు.

"నోరెండిపోతాందమ్మా, నీళ్లియ్యి" అన్నాడు.

ఆయన సీసా, నా సీసా, అన్న సీసా అన్నీ తాగేశాడు. గుటకలు పడడం నా కళ్లతో చూశాను. అయినా పెదాలు పగిలి నెత్తురు వచ్చింది. నోట్లో వేలు పెడితే నాలుక ఎండలో ఆరేసిన గుడ్డలా తగిలింది.

ఆసుపత్రిలో షుగరు చూశారు, లేదు. వడదెబ్బ అనుకున్నారు, ఒంట్లో వేడే లేదు. సెలైన్ ఎక్కుతూనే ఉంది, నాయన నీళ్లు నీళ్లని అరుస్తూనే ఉన్నాడు. మరుసటి రోజు గ్లాసు నోటికి ఆనించి ఉండగానే పోయాడు. గుండెపోటని రాసిచ్చారు.

శవాన్ని ఎత్తేముందు నోట్లో తులసినీళ్లు పోస్తాం కదా. నేను పోశాను, మేనత్త పోసింది, వీధిలోవాళ్లు పోశారు. ఒక్క చుక్క పక్కకు జారలేదు. పోసినవి పోసినట్టే ఇంకిపోయాయి. అందరూ చూశారు.

మొన్న ఒక్కదాన్నే అక్కడికి పోయాను. పట్టపగలు ఆ రాయి ముందు నిలబడి అరిచాను.

"దినామూ పోసినోణ్ని తీసకపోయి, ఉమ్మినోణ్ని ఇడ్సిపెడతావా? యాడి న్యాయమే ఇది?"

దానికి చుక్క కూడా పోయకుండా నా సీసా అంతా అక్కడే తాగాను. నన్నూ తీసుకోమన్నాను. ఏమీ కాలేదు.

ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు. అన్న ఇప్పుడు రోజూ పొద్దున అదే బాటన నడుస్తున్నాడు. వాడికి ఇంతవరకు జలుబు కూడా చేయలేదు.